లోహములను అతుకువారి వార్షిక మహాసభ

ఎడ్లబండి చక్రమునకు తొడుగు ఇనుప పట్టా మొదట పొడవైన బద్దగా ఉండును. కమ్మరి దానిని వలయముగా వంచి, రెండు కొనలను కొలిమిలో తెల్లగా మెరయునంతవరకు కాల్చి, దాగలిపై ఒకదానిమీద నొకటి నిలిపి, సమ్మెటతో మోదును. కాక దిగకమునుపే దెబ్బ పడవలెను. ఏమాత్రము ఆలస్యమైనను అతుకు నిలువదు. ఎంత కాక చాలునో రంగు చూచియే అతడు తెలిసికొనును. అతనికి తండ్రి చెప్పెను. తండ్రికి తాత చెప్పెను. ఆ విద్య వ్రాతకెక్కలేదు. ఇల్లు దాటి పోనును లేదు. అతుకు విడిపోయినచో బండి దారిలో ఆగును. అంతకుమించిన కీడు అరుదు గనుక, ఆ విద్య ఇంటిలోనే ఉండిపోయినను లోకమునకు పెద్ద నష్టము కలుగలేదు.

విద్యుచ్ఛక్తి వచ్చిన పిమ్మట ఈ స్థితి మారినది. రష్యా సామ్రాజ్యమునకు చెందిన బెనార్డోసు అను యంత్రశిల్పి 1880 తరువాతి సంవత్సరములలో కర్బనపు కడ్డీకిని లోహమునకును నడుమ విద్యుచ్చాపమును వెలిగించి, ఆ వేడిమితో లోహమును కరగించి అతుకు విధానమును కనిపెట్టెను. 20వ శతాబ్దపు తొలి దశకమున స్వీడను దేశీయుడైన కెల్బెర్గు ఇనుపకడ్డీకి ఒక పూత పూసెను. పూత కాలునపుడు వెలువడు వాయువులు కరగిన లోహమును గాలి సోకకుండ కాపాడును. నేడు వీధిప్రక్కన గేట్లును కిటికీ చట్రములును చేయు దుకాణములలో నీలి మెరుపులు చిమ్ము వెల్డింగు కడ్డీ ఆ పూతకడ్డీ సంతతియే.

అంతకుమునుపు పెద్ద కట్టడములన్నియు రివెట్లతోనే బిగింపబడెడివి. రివెట్టు అనగా ఒక కొనయందు బొడిపె గల పొట్టి ఇనుపమేకు. దానిని ఎఱ్ఱగా కాల్చి, రెండు రేకుల రంధ్రములగుండ దూర్చి, రెండవ కొనను గూడ మోది బొడిపె చేయుదురు. రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై 1900 నుండి 1997 వరకు రైళ్ళను మోసిన హేవలాక్ వంతెన దూలములను దగ్గరనుండి చూచినవారికి ఆ బొడిపెలు బారులుతీరి కానవచ్చును. వెల్డింగు వచ్చిన తరువాత రంధ్రములు తొలువ నక్కరలేదు, రేకుపై రేకు పరువ నక్కరలేదు. పని త్వరగా సాగును, బరువు తగ్గును. కావున ఇంజనీర్లు ఆ పద్ధతిని ఆదరముతో చేపట్టిరి. అయితే దాని గుణము తెలిసినంతగా దోషము వారికి తెలియలేదు.

బెల్జియము దేశమున హాసెల్ట్ అను పట్టణమువద్ద ఆల్బర్టు కాలువపై సుమారు 75 మీటర్ల నిడివి గల వెల్డింగు వంతెన యొకటి కట్టబడినది. 1938 మార్చి 14వ తేదీ ఉదయమున, చలి ఎక్కువగా ఉన్న వేళ, పెద్ద ధ్వనితో దాని అడుగుదూలము పగిలెను. కొన్ని నిమిషములకు వంతెన మూడు ముక్కలై కాలువలో కూలెను. ఆ కొద్ది నిమిషముల వ్యవధి ఉండుటచేత దానిపైనున్నవారు తప్పించుకొనిరి.

ఆ దోషమే అయిదేండ్ల పిమ్మట అమెరికాలో మరల కనబడెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆ దేశము సరకుల రవాణా కొరకు 2,710 లిబర్టీ నౌకలను వెల్డింగు పద్ధతిపై నిర్మించెను. నూనె నౌకలును అట్లే నిర్మింపబడెను. వానిలో స్కెనెక్టడీ అను నూనె నౌక 1943 జనవరి 16వ తేదీ రాత్రి పోర్ట్‌లాండు రేవులో కదలక నిలిచియుండెను. తుపాను లేదు, శత్రువు లేడు, నీరు ప్రశాంతముగా ఉన్నది. అట్టి సమయమున ఆ నౌక నడుమ భాగమున నిలువునా చీలి, దాదాపు రెండు తునకలయ్యెను. అదే సంవత్సరము నవంబరు మాసమున జాన్ పి. గెయిన్స్ అను లిబర్టీ నౌక ఉత్తర పసిఫిక్ సముద్రమున రెండుగా విరిగి, కొందరు నావికులు ప్రాణములు కోల్పోయిరి.

వెల్డింగు చేసిన కార్మికులే తప్పుచేసిరని మొదట పలువురు తలంచిరి. కొన్ని అతుకులు లోపముగా ఉన్న మాట నిజమే. కాని ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున పనిచేయుచుండిన కాన్‌స్టెన్స్ టిప్పర్ అను శాస్త్రజ్ఞురాలు ఉక్కు స్వభావమునే పరీక్షించెను. ఆ కాలపు ఉక్కు ఒకానొక చలి హద్దునకు దిగినపుడు సాగు గుణమును కోల్పోయి, గాజువలె పెళుసగునని ఆమె నిరూపించెను. రివెట్ల నౌకలో పగులు ఒక రేకు అంచువరకు పోయి ఆగును. వెల్డింగు నౌకలో రేకులన్నియు ఏకమై ఉండును గనుక పగులునకు అడ్డు ఉండదు. ఆ ఫలితము ఎందరో కార్మికులపైనున్న నిందను తొలగించినది. ఆమె పేరు మాత్రము శాస్త్రజ్ఞుల వలయము దాటి సామాన్యులకు తెలిసినది తక్కువ.

ఒక దేశమున జరిగిన ప్రమాదము మరియొక దేశమునకు పాఠము కావలెనన్నచో, వర్తమానము సరిహద్దు దాటవలెను. యుద్ధము ముగిసిన తరువాత 1948లో 13 దేశముల వెల్డింగు సంఘములు కూడి అంతర్జాతీయ వెల్డింగు సంస్థను స్థాపించినవి. (హాసెల్ట్ వంతెన కూలిన తేదీకి సరిగా పదియేండ్లకు, 1948 మార్చి 14న, స్వతంత్ర భారతమున నిర్మింపబడిన మొదటి నౌక ‘జలఉష’ను విశాఖపట్టణమున జవహర్‌లాల్ నెహ్రూ నీటిలోనికి దింపించెను. ఈ రెంటికి సంబంధమేమియు లేదు. తేదీ మాత్రము గుర్తుంచుకొనుటకు సులభము.) నేడు ఆ సంస్థలో సభ్యదేశములు సుమారు 50 ఉన్నవి. ప్రతి సంవత్సరము ఒక్కొక్క దేశమున అది వార్షిక మహాసభ జరుపుచున్నది.

మహాసభ యనగానే పెద్ద పందిరి, పూలదండలు, దీర్ఘోపన్యాసములు మనస్సునకు తట్టును. ప్రారంభోత్సవమున అట్టివి కొంత ఉండును. కాని అసలు పని చిన్న గదులలో జరుగును. సంస్థ తన కార్యమును కమిషనులను పేరుగల ఉపసంఘములకు పంచియున్నది. వానికి రోమను అంకెలు గుర్తులు. అయిదవది అతుకును కోయకయే లోపల పరీక్షించు విధానములను విచారించును. ఎనిమిదవది కార్మికుని ఆరోగ్యమును, అతడు పీల్చు పొగను గూర్చి ఆలోచించును. తొమ్మిదవది అతుకువద్ద లోహము మారు తీరును, పదుమూడవది మాటిమాటికి బరువు పడి లోహము అలసిపోవుటను పరిశీలించును. ఆరవ కమిషను పని పరిభాష. ఒకే వస్తువునకు ఒక్కొక్క దేశము ఒక్కొక్క పేరు పెట్టిన యెడల పుస్తకములు చదివి ఫలమేమి? చిల్లిపడిన బిందెకు వేయునది మాటు; కంసాలి నగకు వేయునది టంకము; రెండు ముక్కలు కరగి ఏకమైన చోటు అతుకు. తెలుగువాడు ఈ మూటిని కలగాపులగము చేయడు. అట్టి భేదములనే పలు భాషలలో సరిచూచి పట్టికలు కూర్చుట ఆ కమిషను వంతు.

ప్రతి కమిషనునకు ఒక అధ్యక్షుడుండును. చర్చకు వచ్చు ప్రతి వ్యాసమునకు ఒక సంఖ్య ఇచ్చెదరు: ముందు కమిషను అంకె, తరువాత వరుస సంఖ్య, చివర సంవత్సరము. రచయిత కొద్ది నిమిషములలో సారాంశము చెప్పును. పిమ్మట ప్రశ్నలు ప్రారంభమగును. అచ్చట ప్రశ్నించుట అవమానించుట కాదు. తన కొలతలను పదిమంది గ్రుచ్చి గ్రుచ్చి అడుగనిచో రచయితకే నిరుత్సాహము కలుగును. యోగ్యములైన వ్యాసములు ‘వెల్డింగ్ ఇన్ ది వరల్డ్’ అను పత్రికలో వెలువడును. ఆ పత్రిక 1963 నుండి సాగుచున్నది.

ఈ చర్చల ఫలము ఎట్లుండునో ఒక ఉదాహరణమువలన తెలియును. తుప్పుపట్టని ఉక్కును, అనగా స్టెయిన్‌లెస్ స్టీలును, అతికినపుడు ఆ అతుకులో అయస్కాంతమునకు లొంగు ఫెర్రైటు అను భాగము కొంత ఉండవలెను. బొత్తిగా లేనిచో అతుకు చల్లారుచుండగనే పగులును. మితిమీరినచో కొన్ని పనులలో లోహము గట్టిదనము చెడును. కావున అది ఎంత ఉన్నదో కొలువవలెను. అయితే ఒకే ముక్కను వేరువేరు ప్రయోగశాలలకు పంపగా, ఒకరు చెప్పిన శాతము మరియొకరు చెప్పలేదు. ఎవరి కొలత నిజమని వాదించుచు కూర్చున్నచో తగవు తెగునది కాదు. తుదకు నిపుణులు వేరొక ఉపాయము పన్నిరి. నిర్ణీతమైన అయస్కాంతము అతుకును ఎంత బలముతో పట్టుకొనునో చూచి, దానికొక సంఖ్యను ఇయ్యవలెనని ఒప్పుకొనిరి. అదియే ఫెర్రైటు సంఖ్య. అది శాతము కాదు. అందరు ఒక్కతీరుగా కొలువగల గుర్తు మాత్రమే. నిజము తేలువరకు పని ఆపక, అంగీకారముతో పని సాగించిన ఈ తీరు పెద్ద వివేకము.

దీనికంటె ప్రసిద్ధమైనది కర్బన తుల్యాంకము. ఉక్కులో కర్బనము హెచ్చినకొలది వెల్డింగు చేసినచోట అది గట్టిపడి పగులు భయము హెచ్చును. మాంగనీసు మొదలైన ఇతర లోహములును అట్టి పనియే చేయును గాని, కర్బనమంత తీవ్రముగా చేయవు. 1940లో డియర్డెన్, ఓనీల్ అను ఇరువురు బ్రిటిషు శాస్త్రజ్ఞులు దీనికొక సూత్రము చెప్పిరి. దానిని సులభముచేసి 1967లో అంతర్జాతీయ సంస్థ స్వీకరించెను. కర్బనపు శాతమునకు మాంగనీసులో ఆరవవంతును, క్రోమియము, మాలిబ్డినము, వెనేడియముల మొత్తములో అయిదవవంతును, నికెలు, రాగి మొత్తములో పదునైదవవంతును కలుపవలెను. ఒక ఉక్కులో కర్బనము 0.18 శాతము, మాంగనీసు 1.20 శాతము ఉండి, తక్కినవి లేవనుకొందము. 1.20లో ఆరవవంతు 0.20. రెండును కలిసి 0.38 అగును. 0.40కు లోబడిన ఉక్కు సాధారణముగా సులభముగా అతుకును. 0.45 దాటినచో పనికి ముందు ఉక్కును వెచ్చజేయుట తరచుగా అవసరమగును. రేకు మందమును, చలిని గూడ చూచుకొనవలెననుట వేరుగ చెప్పనక్కరలేదు. ఎనిమిదవ తరగతి విద్యార్థి చేయగల ఈ లెక్కతోనే ప్రపంచమునందలి ఓడల కర్మాగారములలో నిత్యము నిర్ణయములు జరుగుచున్నవి.

వస్తురూపమున ఉన్న ఫలమును చూడగోరువారికి ఒక ఉక్కు దిమ్మ కలదు. దాని పొడవు 300 మిల్లీమీటర్లు, ఎత్తు 100, మందము 25; ఒక ప్రక్క గుండ్రముగా చెక్కబడి యుండును. చెవికి వినరాని ధ్వనితరంగములను అతుకులోనికి పంపి లోపలి పగుళ్ళను కనిపెట్టు యంత్రమును, పనికి ముందు ఈ దిమ్మపై నుంచి సరిచూచుకొందురు. అంగడిలోని త్రాసునకు పడికట్టురాయి యెట్టిదో, ఆ యంత్రమునకు ఈ దిమ్మ అట్టిది. సంస్థ పేరుతోనే అది దేశదేశముల పరీక్షకుల పెట్టెలలో ఉన్నది.

ఇంతకు, వ్యాసములు టపాలో పంపుకొన్న చాలదా, దూరదేశములకు పోయి కలిసికొననేల అని అడుగవచ్చును. దీనికి సమాధానము 2020లోను 2021లోను దొరికినది. ఆ రెండేండ్లు కోవిడు వ్యాధి కారణముగా మహాసభ యంత్రముల తెరలపైననే జరిగెను. వ్యాసములు చదువబడెను, ప్రశ్నలు అడుగబడెను. కాని తేనీటి విరామము లేకపోయెను. సభలో సగము పని ఆ విరామముననే జరుగును. ఫలించిన ప్రయోగము పత్రికలో అచ్చగును. విఫలమైన దానిని ఎవరును అచ్చువేయించుకొనరు. “ఆ ఉక్కును మేమును ప్రయత్నించితిమి, ఆరుమాసములు వ్యర్థమైనవి” అని ఒకడు గిన్నె చేతబట్టుకొని చెప్పిన మాట వలన, వినినవానికి ఆ ఆరుమాసములు మిగులును. ఆ మాట అపరిచితునకు ఎవరును చెప్పరు. పరిచయము కావలెను, పరిచయమునకు ముఖాముఖి కావలెను. అందుచేతనే 2022లో టోక్యో నగరమున ప్రతినిధులు మరల ఒక్కచోట చేరుట విశేషమైనది.

పరిచయము చేసికొనుటయు ఒక నేర్పు. మొదటిసారి వచ్చిన యువకునకు అచ్చటివారందరు ఒకరినొకరు ఎఱిగినవారే అన్నట్లు కనబడుదురు; తానొక్కడే గోడప్రక్క నిలిచినట్లుండును. భాష జంకు మరియొకటి. ఇంగ్లీషు తడబడుచు మాటలాడు జపాను ఆచార్యుడును, కొరియా ఇంజనీరును అచ్చట కొదువలేదని తెలిసిన తరువాత ఆ జంకు కొంత తగ్గును. ముందుగా వ్యాసములు చదివి, ఎవరిని ఏమి అడుగవలెనో నిశ్చయించుకొని వచ్చినవానికి మాట కలుపుట కష్టము కాదు. ఏలయన తన వ్యాసమును చదివినవానిని ఏ రచయితయు తొలగిపొమ్మనడు. ఇందుకు భిన్నముగా, పేరుచీటీలు పంచుటకును పెద్దలతో ఛాయాచిత్రములు తీయించుకొనుటకును తిరుగువారును కొందరుందురు. వారి జేబులు చీటీలతో నిండును. అడుగుటకు ప్రశ్న మాత్రము ఉండదు. పోటీపడు కంపెనీల ఇంజనీర్లు ఒకే బల్లవద్ద కూర్చున్నపుడు ఏది చెప్పవచ్చునో ఏది చెప్పరాదో తూచి మాటలాడుట మరియొక వినోదము. అయినను ప్రాణభద్రతకు సంబంధించిన విషయమున వారు దాచుట తక్కువ.

మహాసభలో సత్కారములును జరుగును. వానిలో గౌరవప్రదమైనది ఎవ్‌గెనీ పాటన్ పేరిట ఇచ్చు బహుమానము. జీవితకాలమంతయు వెల్డింగు పరిశోధనకు అర్పించినవారికి అది లభించును. పాటన్ చరిత్రము తెలిసికొనదగినది. 1870లో జన్మించిన ఆయన వంతెనల నిర్మాణమున ఆచార్యుడు. ఏబది తొమ్మిదవ యేట, పలువురు విశ్రాంతిని గూర్చి ఆలోచించు ప్రాయమున, వెల్డింగు విద్యకు మరలి, 1934లో కీవ్ నగరమున దానికై ఒక పరిశోధనాలయమును నెలకొల్పెను. యుద్ధకాలమున ఆ సంస్థ యూరల్ ప్రాంతమునకు తరలిపోగా, అచ్చట యుద్ధశకటముల కవచములను యంత్రముతో అతుకు పద్ధతిని అమలుపరచెను. కీవ్ వద్ద ద్నీపర్ నదిపై ఒకటిన్నర కిలోమీటరుకు పైబడిన నిడివిగల, పూర్తిగా వెల్డింగుతో నిర్మితమైన వంతెన ఆయన కడపటి కృషి. 1953 ఆగస్టులో ఆయన మరణించెను. నవంబరులో వంతెనపై రాకపోకలు ప్రారంభమయ్యెను. హాసెల్ట్ వంతెన కూలిన పదునైదేండ్లకు, అంతకంటె ఎన్నో రెట్లు పెద్దదియగు వెల్డింగు వంతెన నిలిచినది. నేటికిని దానికి ఆయన పేరే ఉన్నది.

తక్కిన బహుమానములలో హెన్రీ గ్రాంజాన్ పేరిటిది యువ పరిశోధకులకు. యొషియాకి అరతా పేరిటిది మౌలిక పరిశోధనకు. ఉగో గెర్రేరా పేరిటిది ఉత్తమమైన వెల్డింగు కట్టడమును నిర్మించినవారికి. థామస్ పతకము అంతర్జాతీయ ప్రమాణములను కూర్చుటలో శ్రమించినవారికి చెందును. ఈ కడపటిది విశేషముగా మెచ్చదగినది. ప్రమాణ గ్రంథముపై రచయిత పేరుండదు. ఒక్కొక్క వాక్యముకొరకు ఏండ్ల తరబడి వాదించినవారి శ్రమ చదువరికి కనబడదు. అట్టివారిని పిలిచి పేరు పలుకు చోటు ఒకటి ఉండుట న్యాయము.

అయినను ఈ సత్కారములలో ఒక లోటు కలదు. వేదికపై నిలుచువారు చాలవరకు ఆచార్యులు, ఇంజనీర్లు. ముసుగు వేసికొని, నిప్పురవ్వల నడుమ, బాయిలరు లోపల నడుము వంచి పనిచేయు వెల్డరు ఆ వేదికను ఎక్కుట అరుదు. అతుకు నిలుచుట మాత్రము అతని చేతి నిలుకడపైననే ఆధారపడి యున్నది. అతని నేర్పునకు గౌరవము వేరొకచోట దొరకుచున్నది. ప్రపంచ నైపుణ్యముల పోటీలో వెల్డింగు ఒక విభాగము. అచ్చట యువ వెల్డర్లు అతికిన పళ్ళెములను న్యాయనిర్ణేతలు కంటితోను కిరణములతోను పరీక్షించి పతకములిత్తురు. ఈ రెండు సభలు ఒకదానికొకటి దగ్గరగా వచ్చిన బాగుండునని తలంచువారు లేకపోలేదు.

భారతదేశమున వెల్డింగు సంఘము 1966లో కలకత్తాలో స్థాపితమైనది. అంతర్జాతీయ సంస్థకును దీనికిని ఇంగ్లీషు పొడి అక్షరములు ఒక్కటే అగుటచే, మన సంఘమునకు తుదిని ‘ఇండియా’ అని చేర్చి పిలుచుట వాడుక. తిరుచిరాపల్లిలో భెల్ సంస్థకు చెందిన వెల్డింగు పరిశోధనాలయమున్నది. 2011 జూలైలో 64వ వార్షిక మహాసభ చెన్నపట్టణమున జరిగెను. విదేశయాత్రకు వేతనము చాలని యువ ఇంజనీర్లకు, పుస్తకములపై పేర్లు మాత్రమే చూచిన పండితులను రాత్రి రైలెక్కి పోయి చూడగల అవకాశము ఆ ఏడు కలిగినది. ఖర్చు అను గోడ సరిహద్దుకంటె ఎత్తైనది. అది తగ్గినపుడు సభలోనికి క్రొత్త ముఖములు వచ్చును. 2023లో సింగపూరున, 2024లో గ్రీసు దేశపు రోడ్స్ ద్వీపమున, 2025లో ఇటలీలోని జెనోవాలో మహాసభలు జరిగినవి.

కడపటి దినమున కమిషను గదులలో సందడి తగ్గును. అధ్యక్షుడు మిగిలిన పనుల పట్టిక చదువును. ఒక ఉక్కు రేకును కొన్ని ముక్కలుగా కోసి, అంకెలు వేసి, నాలుగైదు దేశముల ప్రయోగశాలలకు పంపవలెనని నిశ్చయింతురు. ఏ ముక్క ఎవరిదో వ్రాసికొందురు. వచ్చు సంవత్సరము ఆ కొలతలు ఒకదాని ప్రక్క నొకటి ఉంచి చూడవలెను. ప్రతినిధులు పెట్టెలు సర్దుకొని, విమానాశ్రయమునకు పోవు బస్సులో గూడ ఆ కొలతలను గూర్చియే మాటలాడుకొందురు.